గుండె లోపమున్న పసికందుకు పాలు పట్టడం గురించి

పుట్టిన బిడ్డ గుండెలో లోపం ఉందని తెలిసిన తల్లి డాక్టరును అడిగే మొదటి ప్రశ్న ఆపరేషన్ గురించి అయితే, ఆ తర్వాత వార్డులో నర్సును అడిగే మొదటి ప్రశ్న పాల గురించి. పిల్లల గుండె జబ్బుల వార్డులో చాలాకాలంగా నర్సుగా పనిచేస్తున్న నేను ఈ ప్రశ్నను ఎన్నో రూపాల్లో విన్నాను. నా పాలు పట్టవచ్చా, రొమ్ము చీకితే బిడ్డ గుండెకు శ్రమ అవుతుందా, బరువు పెరగడం లేదంటే నా పాలలో బలం లేదనా అని అడుగుతుంటారు. వీటన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు. తల్లిపాలు ఒక సంగతి, ఆ పాలను రొమ్ము నుంచి తాగగలగడం మరొక సంగతి, తాగిన పాలు ఒంటికి పట్టి బరువుగా మారడం ఇంకొక సంగతి. గుండె లోపమున్న బిడ్డల విషయంలో ఈ మూడింటినీ విడివిడిగా చూడకపోతే తల్లి తనను తాను అకారణంగా నిందించుకుంటుంది, లేదా ఎవరూ గమనించకుండానే బిడ్డ చిక్కిపోతుంది. ఈ రెండూ జరగడం నేను చూశాను గనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నూటికి దాదాపు ఒక బిడ్డ ఏదో ఒక గుండె లోపంతో పుడుతుంది. వీటిలో చాలావరకు చిన్న లోపాలే. గుండె కింది గదుల మధ్య గోడలో సన్నని రంధ్రమున్న బిడ్డ మిగతా బిడ్డల్లాగే రొమ్ము పట్టి, కడుపునిండా తాగి, ఒళ్లు చేస్తుంది. ఆ రంధ్రం చాలామందిలో దానంతట అదే పూడుకుపోతుంది కూడా. అటువంటి బిడ్డల తల్లులు లోపం పేరు విని భయపడి పాలు పట్టే తీరు మార్చుకోవలసిన అవసరం లేదు. ఇబ్బంది వచ్చేది పెద్ద రంధ్రాలతో, మూసుకోవలసిన రక్తనాళం మూసుకోకుండా ఉండిపోయిన స్థితితో, గుండెలో ఒక పక్క గదులు సరిగా ఎదగని స్థితితో. పెద్ద రంధ్రమున్న బిడ్డ మొదటి వారంలో బాగానే తాగుతుంది. అప్పటికి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఇంకా బిగుసుకునే ఉంటాయి గనుక అటువైపు ఎక్కువ రక్తం పోదు. అవి క్రమంగా వదులయ్యే కొద్దీ రంధ్రం గుండా రక్తం ఊపిరితిత్తుల్లోకి వెల్లువెత్తుతుంది. అందుకే సాధారణంగా రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపల బిడ్డ తాగే తీరు మారిపోతుంది. "మొన్నటిదాకా బాగానే తాగింది సిస్టర్, ఇప్పుడు ఏమైందో తెలియడం లేదు" అని తల్లి అన్నప్పుడు, ఆ మాటను వైద్య సమాచారంగానే తీసుకోవాలి, ఉత్త కంగారని కొట్టిపారేయకూడదు.

ఆ మార్పు ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూసి చెబుతాను. బిడ్డ ఆకలితోనే ఏడుస్తుంది, ఆత్రంగానే రొమ్ము అందుకుంటుంది. మొదటి రెండు మూడు నిమిషాలు గుటకలు వినబడతాయి. ఆ తర్వాత చీకడం ఆగి ఊపిరి వేగం పెరుగుతుంది, డొక్కలు ఎగరేయడం మొదలవుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. నుదుటి మీద, కణతల దగ్గర వెంట్రుకలు తడిసేటంత చెమట పడుతుంది. గది చల్లగా ఉన్నా పడుతుంది. పది నిమిషాలు తిరగకుండానే బిడ్డ రొమ్ము వదిలి నిద్రలోకి జారుకుంటుంది. చూసేవారికి కడుపు నిండి నిద్రపోయినట్టు అనిపిస్తుంది గాని, అది అలసట. అరగంటకే మళ్లీ ఆకలితో లేచి ఏడుస్తుంది. తాగేటప్పుడు పెదవుల చుట్టూ నీలిరంగు రావడం, తరచూ పొలమారడం, తాగడానికి ప్రతిసారీ నలభై నిమిషాలకు పైగా పట్టడం కూడా ఇందులో భాగమే. ఇవి కనిపిస్తే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

బరువు ఎందుకు పెరగదో అర్థం కావాలంటే కొంచెం లెక్క తప్పదు. ఆరోగ్యంగా ఉన్న శిశువుకు మొదటి నెలల్లో ఒక్కో కిలో బరువుకు రోజుకు సుమారు 100 నుంచి 110 కేలరీలు సరిపోతాయి. పెద్ద గుండె లోపమున్న బిడ్డకు తరచుగా 120 నుంచి 150 దాకా కావలసి వస్తుంది, ఎందుకంటే గుండె కండరమూ ఊపిరి పీల్చే కండరాలూ పగలూ రాత్రీ అదనంగా శ్రమిస్తుంటాయి. తల్లిపాలలో సగటున 100 మిల్లీలీటర్లకు 67 కేలరీలు ఉంటాయి. 3 కిలోల బిడ్డకు కిలోకు 130 చొప్పున రోజుకు 390 కేలరీలు కావాలనుకుంటే, దాదాపు 580 మిల్లీలీటర్ల పాలు తాగాలి. పది నిమిషాలకే అలసిపోయే బిడ్డ అంత తాగలేదు. పైగా ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా చూడటానికి డాక్టర్లు కొందరు బిడ్డలకు రోజు మొత్తం మీద ఇచ్చే ద్రవాన్ని తగ్గిస్తారు. కిలోకు 120 మిల్లీలీటర్లే అని పరిమితి పెడితే 3 కిలోల బిడ్డకు అందేది 360 మిల్లీలీటర్లు, అంటే కిలోకు 80 కేలరీలు మాత్రమే. పాలు ఎంత మంచివైనా ఈ లెక్క కుదరదు. ఇందులో తల్లి లోటు ఎక్కడా లేదు. ఖర్చు పెరిగింది, లోపలికి పోయే దారి ఇరుకైంది, అంతే. నీరు తీసే మందు వాడుతున్న బిడ్డ ఒంట్లో సోడియం పడిపోయినా ఎదుగుదల మందగిస్తుందని, అందుకే మధ్యమధ్య రక్తపరీక్ష చేయిస్తారని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది.

కేలరీలే చాలకపోతే తల్లిపాలతో పనేమిటి, ఎక్కువ శక్తినిచ్చే డబ్బాపాలు పట్టేస్తే సరిపోదా అని కొన్ని కుటుంబాల్లో పెద్దలు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే, దీనికి జవాబు బిడ్డ పేగుల్లో ఉంది. గుండె నుంచి శరీరానికి వెళ్లే రక్తం తగ్గినప్పుడు, శరీరం మెదడునూ గుండెనూ ముందు కాపాడుకుని పేగులకు పోయే రక్తానికి కోత పెడుతుంది. ఎడమవైపు గుండె సరిగా ఎదగని బిడ్డల్లోనూ, ఒకే పెద్ద రక్తనాళం గుండె నుంచి బయలుదేరే లోపమున్నవారిలోనూ ఈ కోత మరీ ఎక్కువ. అలా నీరసించిన పేగు గోడ దెబ్బతిని కుళ్లే ప్రమాదకరమైన జబ్బును నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు; వార్డులో క్లుప్తంగా నెక్ అంటాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో వచ్చే జబ్బుగానే దీన్ని చాలామంది ఎరుగుదురు గాని, నెలలు నిండి పుట్టినా గుండె లోపమున్న బిడ్డలకు ఇది వస్తుంది. తల్లిపాలు ఈ ముప్పును తగ్గిస్తాయి. తల్లిపాలలోని ఐజీఏ వంటి రక్షక పదార్థాలు పేగు గోడను కాపాడుతాయి, సున్నితమైన కడుపులో అవి తేలికగా అరుగుతాయి. గుండె ఆపరేషన్ సమయంలో, దారికి అడ్డుగా ఉండే థైమస్ గ్రంథిని కొంతవరకో పూర్తిగానో తీసివేయడం మామూలే; రోగనిరోధక శక్తిని తీర్చిదిద్దే ఆ గ్రంథిని కోల్పోయి, ఒళ్లంతా గొట్టాలతో ఐసీయూలో రోజులు గడిపే బిడ్డకు తల్లిపాలలోని రక్షణ అదనపు సౌకర్యం అనుకోవడానికి వీల్లేదు. నా దృష్టిలో అది మందుల చార్టులో రాయదగిన వస్తువు.

రొమ్ము చీకడం గుండెకు ఎక్కువ శ్రమ, సీసా అయితే తేలిక అనే నమ్మకం ఆసుపత్రుల్లో కూడా ఇంకా వినిపిస్తుంది. దానికి సరైన ఆధారం లేదు. 1995లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో గుండె లోపమున్న శిశువుల రక్తంలో ఆక్సిజన్‌ను రొమ్ము తాగేటప్పుడూ సీసాతో తాగేటప్పుడూ కొలిచి చూస్తే, రొమ్ము తాగేటప్పుడే అది నిలకడగా ఉంది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. రొమ్ము దగ్గర బిడ్డ తన ఊపిరికి అనుగుణంగా చీకుతుంది, ఆగుతుంది, మళ్లీ చీకుతుంది. సీసాలో పాలు బిడ్డ అడగకపోయినా కారుతూనే ఉంటాయి గనుక మింగడానికి ఊపిరి బిగబట్టవలసి వస్తుంది. అధ్యయనం చిన్నదే అయినా, పేరులో గుండె జబ్బు ఉన్నంత మాత్రాన రొమ్ము మాన్పించాలన్న నిర్ణయానికి దీనికన్నా తక్కువ ఆధారం ఉంది. ఊపిరి నిమిషానికి 60 దాటి ఆయాసంగా ఉన్న బిడ్డకు, వెంటిలేటరు మీద ఉన్న బిడ్డకు నోటితో పట్టకూడదన్నది వేరే విషయం, దానిలో వాదన లేదు.

అసలు పోరాటం చాలామంది అనుకున్నట్టు రొమ్ము దగ్గర ఉండదు, పాలు పిండటం దగ్గర ఉంటుంది. బిడ్డను పుట్టగానే ఐసీయూకు తీసుకుపోతే, తల్లి వేరే వార్డులో పడుకుని ఉంటుంది; ఆ హడావిడిలో ఆమె పాల గురించి ఎవరూ తలచుకోరు. రెండు మూడు రోజులు గడిచాక "ఇప్పుడు పాలు తెండి" అంటే అప్పటికి ఆలస్యమవుతుంది. పాలు పడటం, నిలవడం అనేవి మొదటి రోజుల్లో రొమ్ము ఎన్నిసార్లు ఖాళీ అయిందన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. వీలైతే కాన్పు అయిన మొదటి గంటలోనే, లేదంటే తొలి ఆరు గంటల లోపలైనా పిండటం మొదలుపెట్టాలి. రోజుకు కనీసం ఎనిమిది సార్లు, రాత్రి ఒకసారైనా పిండాలి, ఎందుకంటే పాలను పుట్టించే ప్రోలాక్టిన్ హార్మోను రాత్రివేళే ఎక్కువగా ఉంటుంది. మొదటి రోజు చుక్కలే వస్తాయి, వాటికి పంపుకన్నా చేతితో పిండటమే మేలు. చిక్కగా, పసుపు రంగులో సిరంజి అంచున నిలిచిన ఆ ముర్రుపాల చుక్కను చూసి "ఇంతేనా" అని బాధపడే తల్లులకు, అది వృథా కాదని నేను చూపించి చెబుతాను. నోటితో ఏమీ పట్టకూడదన్న బిడ్డకు కూడా, డాక్టరు అనుమతితో, ఆ ముర్రుపాలను దూదిపుల్లతో బుగ్గల లోపలి వైపు రాస్తాం. బిడ్డ పొట్టలోకి చేరేది దాదాపు శూన్యమే అయినా రక్షక పదార్థాలు నోటి పొరకు అందుతాయి, నాలుకకు పాల రుచి తెలుస్తుంది, తల్లికి తన చేత్తో బిడ్డకు ఏదో ఇచ్చానన్న ధైర్యం కలుగుతుంది. పిండిన పాలను గది ఉష్ణోగ్రతలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 6 నెలలు ఉంచవచ్చన్నది ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు చెప్పే సాధారణ నియమం. ఐసీయూ బిడ్డలకు ఆసుపత్రి ఇంతకంటే గట్టి గడువు పెట్టవచ్చు. గడ్డకట్టిన పాలను కరిగించి ఫ్రిజ్‌లో ఉంచితే 24 గంటల్లో వాడేయాలి.

ఆపరేషన్‌కు ముందు ఉపవాసం గురించి ఒక మాట. మత్తు ఇవ్వడానికి ముందు తల్లిపాలు తాగి 4 గంటలు, డబ్బాపాలు తాగి 6 గంటలు గడవాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం చెబుతుంది. 2022 నాటి ఐరోపా మార్గదర్శకాలు వీటిని 3, 4 గంటలకు తగ్గించాయి. డబ్బాపాలకన్నా తల్లిపాలు త్వరగా కడుపు దాటిపోతాయి గనుకనే రెంటి గడువుల మధ్య ఈ తేడా. ఆపరేషన్ వేళ వెనక్కి జరిగినప్పుడు బిడ్డను అనవసరంగా గంటల తరబడి ఆకలితో ఉంచకుండా, మళ్లీ ఎప్పటిదాకా పట్టవచ్చో అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇక బలం కలపడం. పైన చెప్పిన లెక్క కుదరనప్పుడు, పిండిన తల్లిపాలలోనే అదనపు శక్తినిచ్చే పొడినో ద్రవాన్నో కొలిచి కలిపి, 100 మిల్లీలీటర్లకు 67గా ఉన్న కేలరీలను 80కి, అవసరమైతే 100 దాకా తెస్తారు. 100కు తెచ్చిన పాలతో, అదే 360 మిల్లీలీటర్లలోనే మన 3 కిలోల బిడ్డకు కిలోకు 120 కేలరీలు అందుతాయి. ఇది చెప్పినప్పుడు ఒక తల్లి నన్ను అడిగింది: "అంటే నా పాలలో బలం లేదనేగా సిస్టర్?" కాదమ్మా అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఆమెకు ఇదే లెక్క కాగితం మీద వేసి చూపించాను, ఆమె ఆ కాగితాన్ని మడిచి దాచుకుని ఇంట్లోవాళ్లకు చూపించింది. ఆరోగ్యమైన బిడ్డ ఈ తల్లి దగ్గరే, ఇవే పాలతో బొద్దుగా ఎదిగేదన్న మాట ప్రతి తల్లీ వినవలసిందే. కలపకుండానే శక్తి పెంచే మార్గం కూడా ఒకటుంది. పిండేటప్పుడు ముందు వచ్చే పల్చని పాలను విడిగా దాచి, చివర వచ్చే వెన్న ఎక్కువగల చిక్కని పాలను బిడ్డకు ముందు పట్టవచ్చు. పాలు పుష్కలంగా ఉన్న తల్లులకే ఇది కుదురుతుంది, మాంసకృత్తులు ఇందులో పెరగవు గనుక దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. బలం పెంచాలని పొడిని అంచనాగా ఒక చెంచా ఎక్కువ వేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. పాలు మరీ చిక్కనైతే పేగులు తట్టుకోలేవు, విరేచనాలు పట్టుకుంటాయి. పైగా పొడి పాలు సూక్ష్మజీవులు లేని పదార్థం కావు గనుక కలిపే చేతుల, పాత్రల శుభ్రత కూడా మందంత ముఖ్యం.

నోటితో తాగగలిగినంత తాగించి మిగిలింది ముక్కు గొట్టం ద్వారా ఇవ్వడం ఓటమి కాదు. ఒక్కో పూట 20 నుంచి 30 నిమిషాలకు మించి బిడ్డను చీకనిస్తే, లోపలికి వెళ్లే కేలరీలకన్నా చీకడానికి ఖర్చయ్యేవే ఎక్కువ కావచ్చు. అందుకే కొందరు బిడ్డలు రొమ్ము దగ్గర కొద్దిసేపు తాగి, మిగతాది తల్లి ఒడిలోనే గొట్టం ద్వారా తీసుకుంటారు. ఎంత తాగిందో తెలియాలంటే పట్టే ముందూ పట్టిన తర్వాతా అదే బట్టలతో, అదే డయపరుతో, సున్నితమైన త్రాసు మీద బిడ్డను తూయాలి. ఒక గ్రాము పెరిగితే దాదాపు ఒక మిల్లీలీటరు తాగినట్టు. 3,240 గ్రాములున్న బిడ్డ 3,268 తూగితే 28 మిల్లీలీటర్లు వెళ్లాయన్నమాట, మిగతాది గొట్టంలో పోయాలి. ఈ అంకె కళ్లతో చూసిన తల్లికి రొమ్ములో ఎంత వచ్చిందో అన్న అనుమానం పోతుంది. నోటితో అసలు ఏమీ తీసుకోలేని వారాల్లో కూడా, పిండి ఖాళీ చేసిన రొమ్మును బిడ్డకు అందించి చీకడం మరిచిపోకుండా చూస్తాం. గొట్టానికే అలవాటు పడిన నోరు తర్వాత చనుమొనను తాకగానే ఉలికిపడటం, వాంతి చేసుకోవడం మామూలే, దాన్ని పోగొట్టడానికి నెలలు పడుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, కండరాల పట్టు కూడా తక్కువ. వారికి గడ్డం కింద వేలు ఆనించి దవడను నిలబెట్టడం వంటి చిన్న సాయం ఎంతో ఉపకరిస్తుంది.

ఆపరేషన్ తర్వాత రెండు ఇబ్బందులను ముందే తెలుసుకుని ఉండాలి. గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద నాళమైన మహాధమని వంపు దగ్గర పనిచేసినప్పుడు ఎడమ స్వరతంత్రికి వెళ్లే నాడి దెబ్బతినవచ్చు. అప్పుడు ఏడుపు బొంగురుగా, బలహీనంగా ఉంటుంది, మింగిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అటువంటి బిడ్డకు మింగే తీరును పరీక్షించాకే నోటితో పట్టాలి. రెండోది, ఛాతీలో కొవ్వును మోసే లింఫు నాళం గాయపడి, పాలవంటి ద్రవం ఊపిరితిత్తి చుట్టూ చేరే కైలోథొరాక్స్. మామూలు పాలలోని కొవ్వు ఆ నాళం గుండానే ప్రయాణిస్తుంది గనుక కొన్ని వారాల పాటు తల్లిపాలు ఆపి, నేరుగా రక్తంలో కలిసే రకం కొవ్వు ఉన్న ప్రత్యేక పాలు ఇస్తారు. ఆ రోజుల్లో తల్లి పిండటం మానేస్తే పాలు ఎండిపోతాయి, మానవద్దు. కొన్ని ఆసుపత్రుల్లో తల్లిపాలను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి, పైన తేలిన వెన్నను తీసి, మిగిలిన పాలకు ఆ ప్రత్యేక కొవ్వు కలిపి బిడ్డకే ఇస్తారు. మీ ఆసుపత్రిలో ఆ వీలు ఉందేమో అడగండి. లేకపోతే పిండిన పాలను ఫ్రీజర్‌లో దాచండి.

ఇంటికి వెళ్లాక కాపలా కాసేది బరువే. రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగడం మొదటి నెలల్లో మామూలు ఎదుగుదల. ఒంటి జఠరిక గుండెతో, అంటే రక్తాన్ని పంపే కింది గది ఒక్కటే సరిగా పనిచేసే గుండెతో పుట్టి, మొదటి ఆపరేషన్ చేయించుకుని రెండోదానికి ఎదురుచూసే బిడ్డల తల్లిదండ్రులకు త్రాసు, ఆక్సిజన్ కొలిచే పరికరం ఇచ్చి పంపే పద్ధతి ఫలితాలను విస్కాన్సిన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2003లో ప్రచురించారు. ఒక్క రోజులో 30 గ్రాములు తగ్గినా, మూడు రోజుల్లో కనీసం 20 గ్రాములు పెరగకపోయినా వెంటనే ఫోన్ చేయాలన్నది అందులోని నియమం. ఆ రెండు ఆపరేషన్ల మధ్య కాలంలో ఇళ్లలో జరిగే మరణాలు ఆ పద్ధతితో తగ్గాయి, ఇప్పుడు అనేక చోట్ల దాన్నే అనుసరిస్తున్నారు. తమ అరచేతిలో ఉన్న త్రాసు అంకె ప్రాణం కాపాడగలదని తల్లిదండ్రులకు తెలియజెప్పడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని.

ఎంత ప్రయత్నించినా పాలు పడని తల్లులు ఉంటారు, ఆపరేషన్ల మధ్య నలిగి పాలు నిలుపుకోలేకపోయినవారు ఉంటారు. వారికి పాల బ్యాంకు నుంచి దాతల పాలు దొరకవచ్చు. 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచడం వల్ల వాటిలో కొంత రక్షణ తగ్గినా చాలావరకు మిగులుతుంది. అదీ దొరకనప్పుడు డబ్బాపాలతోనే బిడ్డ బరువు పెరిగి ఆపరేషన్‌కు సిద్ధమవుతుంది. ఆ తల్లిని నిలదీసే అధికారం ఎవరికీ లేదు. రంధ్రం మూసిన తర్వాత చాలామంది బిడ్డలు కొద్ది వారాల్లోనే బలంగా చీకడం మొదలుపెడతారు. అప్పుడు కలిపే బలాన్ని ఒక్కసారిగా మానేయకుండా, బరువు చూసుకుంటూ అంచెలంచెలుగా తగ్గించాలి. పాలలో ఏది ఎంత కలపాలి, రోజుకు మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు, గొట్టాన్ని ఎప్పుడు, ఎవరు మారుస్తారు, ఎంత బరువు తగ్గితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న నాలుగు విషయాలనూ డిశ్చార్జి కాగితం మీద డాక్టరు చేత రాయించుకున్న తర్వాతే ఆసుపత్రి నుంచి బయలుదేరండి.